అత్త జాడించిన చీర

టెక్స్‌టైల్ డిప్లొమా చేతికొచ్చిన ఆ రోజుల్లో లోకంలో నాకు తెలియనిది లేదని గట్టి నమ్మకం. అంబత్తూరులో, కంప్యూటర్‌తో బట్టల మీద రంగులు అచ్చువేసే షెడ్డులో ఉద్యోగం. అచ్చుకు ముందు బట్టను మందునీళ్ళలో ముంచి, పిండి, ఆరబెట్టడం నా పని. ఆ నీళ్ళలో సోడా, యూరియా, సముద్రపు నాచు జిగురు ఉంటాయి. అవి బట్టలో నిలిస్తేనే రంగు దారాన్ని పట్టుకుంటుంది. (ఈ సంగతి ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ అడక్కుండానే చెప్పేవాణ్ణి. చుట్టాలు తగ్గారు.)

జార్జి టౌన్‌లో ఉండే మా మేనత్తకు ముగ్గులంటే ప్రాణం. నలభై ఏళ్ళుగా నోటుపుస్తకంలో గీసుకున్న ముగ్గులన్నీ ఒక చీర మీద వేసిస్తానని, మామయ్య షష్టిపూర్తికి అదే కట్టుకోవాలని నేనే మాటిచ్చాను. మా నాయనమ్మ ఇచ్చిన తెల్లని నూలు చీర, ఒక్కసారీ కట్టనిది, అత్త పెట్టెలోంచి తీసిచ్చింది. మందు పట్టించి ఆరబెట్టాక ఊరుకోవచ్చుగా? గొప్ప చూపించుకోవడానికి అత్త ఇంటికే మోసుకెళ్ళాను. కట్టని చీర గనక ఆమె అలవాటుగా మూలన పసుపు పెట్టింది. పెట్టిన చోటు ఎర్రబడింది.

"ఏందిరా ఇది, దిష్టినీళ్ళ మాదిరి ఎర్రగా తిరుక్కునింది!"

నేను పగలబడి నవ్వాను. "దిష్టీ లేదు, గిష్టీ లేదత్తా. బట్టలో సోడా ఉండాది. పసుపు తగిలితే ఎరుపే."

"బట్టలుతికే సోడానా?"

"ఆఁ, అదే."

"అయితే ఈ పూట ఈడే ఉండనీ. రేపొచ్చి తీసుకుపో."

సోడా మిగిలిన బట్ట దురద పుట్టిస్తుందని ఏ ఇల్లాలికి తెలియదు? మూడు నీళ్ళలో జాడించి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, మర్నాడు నా చేతికిచ్చింది. ఆ ఫెళఫెళలు నా మందువే అనుకున్నాను. "చెంగు చివర జానెడు మేర వేసి, ఆవిరి పట్టి, కడిగి చూసినాకే చీర పెట్టు" అని మా షెడ్డు మాస్టరు చెప్పారు. అది డిప్లొమా లేనివాళ్ళకని వదిలేశాను. మిషను మీంచి ముగ్గులు మెరుస్తూ దిగాయి. ఆవిరి పట్టి తొట్టిలో వేస్తే నీళ్ళు నీలమయ్యాయి, ఆపైన ఎరుపయ్యాయి. నలభై ఏళ్ళ ముగ్గులు వాన వెలిసిన వాకిలిలా మిగిలాయి.

"నిన్నెవరు జాడించమన్నారు?" అని, సంగతి తెలియగానే అత్త మీద అరిచాను.

"నువ్వు మరిచిపోయినావనుకున్న్యానురా. చెప్తే చిన్నబోతావని చెప్పలా. తప్పు నాదేలే."

కాదత్తా, పరీక్ష చేయని తప్పు నాది అని ఒక్క మాట అనాల్సింది. అనలేదు.

షష్టిపూర్తి భోజనాల వేళ అత్త పట్టుచీర విప్పి ఆ వెలిసిన చీరే కట్టుకుంది. ఎందుకింత లేతగా ఉందని అడిగిన వాళ్ళందరికీ, "నాకు ముదురు రంగులు గిట్టవని మా వాడు కావాలనే ఇట్టా వేసినాడు. సుమ్మా, ఊరికే వస్తుందా అంత లేత రంగు?" అని చెప్పింది. పక్కనే నిలబడి అవునన్నట్టు తలూపాను.

ఇప్పుడు అత్త లేదు. ఆ తలూపిన కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, సిగ్గూ వేస్తుంది. వాణ్ణి చెవి పట్టుకుని ఆమె ముందు నిలబెట్టాలనిపిస్తుంది. నిలబెట్టినా లాభం లేదు, ఆమె వాడి వైపే మాట్లాడుతుంది.