రెండు నుంచి నాలుగు మధ్య

దయ్యాల మాట ఎత్తితే నాకు ఒళ్లు మండేది. నేను వాషింగ్ మెషిన్లు, ఫ్రిజ్‌లు రిపేరు చేసే మనిషిని. నాగోల్‌లో ఒకావిడ, రాత్రిళ్లు ఫ్రిజ్ మూలుగుతోందని దానికి నిమ్మకాయలు కట్టింది. ఫ్యాన్ మోటారు మార్చాను, మూలుగు పోయింది. నిమ్మకాయలు మాత్రం ఆవిడ విప్పలేదు. ఇంట్లో ఏ చప్పుడుకైనా కరెంటో, నీళ్లో, మోటారో కారణమని నా నమ్మకం. ఇప్పటికీ అలాగే అనాలని ఉంది.

ముందు మా పని గురించి కొంచెం చెప్పాలి. మాకు కాల్స్ పంచేది మనిషి కాదు, సాఫ్ట్‌వేర్. కస్టమర్‌కు 'పది నుంచి పన్నెండు మధ్య వస్తారు' అని మెసేజ్ వెళ్తుంది. ఆ లోపల నేను ఎప్పుడు వెళ్లాలో, ఎవరింటి తర్వాత ఎవరిల్లో, దూరాన్ని బట్టి, పని పట్టే సమయాన్ని బట్టి అదే లెక్క కడుతుంది. ఉప్పల్‌లో ఒక పని ఆలస్యమైతే మల్లాపూర్, ఘట్‌కేసర్ కాల్స్ అన్నీ వెనక్కి జరిపేస్తుంది. కానీ 'నేను ఆ టైములోనే ఇంట్లో ఉంటాను' అని కస్టమర్ పట్టుబడితే ఆ కాల్ పక్కన చిన్న తాళం గుర్తు పడుతుంది. ఇక మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకోవాల్సిందే.

నా భార్య మంజుల ఈ తాళం సంగతి పట్టేసింది. నాచారంలో మా అద్దె ఇంటి ముందు నుంచే రోజూ బండి మీద పోతాను, లోపలికి పోవడానికి మాత్రం టైము ఉండదు. ఒకరోజు మధ్యాహ్నం నా ఫోన్‌లో మా ఇంటి అడ్రసే కాల్‌గా వచ్చింది, పక్కన తాళం గుర్తుతో. వాషింగ్ మెషిన్ చప్పుడు చేస్తోందట. వెళ్లి చూస్తే మెషిన్ బాగానే ఉంది. మంజుల నా కంచంలో అన్నం పెట్టి నా కోసం కూర్చుంది.

"పెండ్లాం పిలిస్తే రావు గదా బావా. కస్టమరంటే ఉరుక్కుంట వస్తవ్," అంది.

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. తర్వాత కూడా అప్పుడప్పుడూ కంప్లైంటు పెట్టేది. ఆఫీసులో కాల్స్ చూసుకునే విజయ మేడమ్‌కు సంగతి తెలుసు, చూసీ చూడనట్టు ఊరుకునేది. మా కాపురంలో నాకు బాగా గుర్తున్నవి ఆ మధ్యాహ్నాలే.

పోయిన వానాకాలం మంజులకు డెంగీ వచ్చింది. ఐసీయూలో పెట్టారు. నన్ను సాయంత్రం లోపలికి పంపిస్తామన్నారు. నేను బయట బెంచీ మీదే ఉన్నాను. మధ్యాహ్నమే పోయింది. పోయేముందు ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ ఒక్క మాట కోసం ఇప్పటికీ అల్లాడుతూనే ఉన్నాను.

ఆ తర్వాత మెషిన్ ప్లగ్గు పీకేసి పైన దుప్పటి కప్పాను. నా బట్టలు చేత్తో ఉతుక్కుంటున్నాను. ఆమె ఫోన్ ఛార్జింగ్ అయిపోయి బీరువాలోనే ఉంది. ఇంటి తాళంచెవి నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు.

మొన్న ఎండలు ముదిరే రోజుల్లో, ఉప్పల్‌లో ఒక ఫ్రిజ్ విప్పుకుని కూర్చున్నాను. ఫోన్‌లో కొత్త కాల్ పడింది. పేరు మంజుల. అడ్రసు మాది. రెండు నుంచి నాలుగు మధ్య. పక్కన తాళం గుర్తు.

విజయ మేడమ్‌కు ఫోన్ చేసి, పాత కాల్ మళ్లీ తేలినట్టుంది, తీసేయమన్నాను. పాపం, చాలాసేపు ప్రయత్నించింది. తీసేయబోయిన ప్రతిసారీ మిగతా కాల్స్ అటూ ఇటూ జరుగుతున్నాయి తప్ప ఇది కదలడం లేదట. పాతది కూడా కాదు, ఈరోజే మంజుల నంబరు నుంచి పెట్టిందని చెప్పింది.

"ఓసారి వెళ్లి రండి. మిగతావి వేరేవాళ్లకి వేస్తాను," అంది చివరికి.

సాఫ్ట్‌వేర్ తప్పేనని నాకు తెలుసు. తెలిసి కూడా బండి ఎలా నడిపానో గుర్తులేదు. రెండు కాకముందే ఇంటి ముందున్నాను. తలుపుకు వేసిన తాళం వేసినట్టే ఉంది. అది తీస్తూ, సిగ్గు లేకుండా, మంజులా అని పిలిచాను.

లోపల ఎవరూ లేరు. దుప్పటి మడత పెట్టి కుర్చీ మీద ఉంది. మెషిన్ ప్లగ్గు పెట్టి ఉంది. మూత తీశాను. అడుగున మంజుల చీర, ఉతికి పిండేసి ఉంది.

హాస్పిటల్‌కు వెళ్లేముందు విడిచిన చీర అది. ఉతకకుండా కవర్లో చుట్టి బీరువాలో దాచుకున్నాను. నిద్ర పట్టనప్పుడు తీసి ముఖానికి ఆనించుకునేవాణ్ని. ఆమె వాసన నాకు మిగిలింది అందులోనే. విడిచిన బట్ట బీరువాలో పెడితే మంజులకు అసలు పడేది కాదు.

ఆరోజూ ముఖానికి ఆనించుకున్నాను. సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదు.

బీరువాలో ఫోన్ అలాగే ఆగిపోయి ఉంది. తడి చీర ఒళ్లో పెట్టుకుని గట్టిగా ఏడ్చాను. నాలుగు దాటేదాకా అక్కణ్నుంచి లేవలేదు. ఆ తర్వాత చూస్తే ఫోన్‌లో ఆ కాల్ లేదు.

కంపెనీ వాళ్లు సాఫ్ట్‌వేర్ పొరపాటన్నారు. సరే, చీర ఉతికింది ఏ సాఫ్ట్‌వేర్? నాకు తెలియదు. ఎవరైనా చెబితే వింటాను, వాదించను. దయ్యమో, దేవుడో, నా పిచ్చో, అదంతా పక్కన పెట్టండి. నా ఏడుపు ఒక్కటే. రెండు నుంచి నాలుగు మధ్య రమ్మంది. నేను రెండు కాకముందే వచ్చాను. ఆ కాసేపు ఆగొచ్చు కదా.