వదిన రాసిన డ్రైవర్

మా ఇంట్లో మొదటి ఇంజినీరును నేనే. దుబ్బాకలో మా మగ్గం దగ్గరికి ఎవరొచ్చినా బాపు నేత ఆపి మరీ "గీమె మా ఇంజినీరు" అని నన్ను చూపించేవాడు. అన్నకు పెళ్లయి వదిన వచ్చిన కొన్నాళ్లకే ఆ పదవి రెండు ముక్కలైంది. ఆమె పెద్ద ఇంజినీరు, నేను చిన్న ఇంజినీరు. బాపు ప్రేమగానే అన్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

వదిన పెళ్లికి ముందు హైదరాబాద్‌లో ఏడాది ఉద్యోగం చేసింది. ఒక చేత్తో చాయ్ తాగుతూ రెండో చేత్తో ప్రోగ్రాం రాసేది. ఆ చాయ్ అయిపోకముందే మా అమ్మ ఇంకోటి తెచ్చి పెట్టేది. ఇంజినీరింగ్ చదివిన నాలుగేళ్లూ నా చాయ్ నేనే కాచుకున్నాను. ఎవరైనా అడిగితే వదినా నేనూ అక్కాచెల్లెళ్లలా ఉంటామని చెప్పేదాన్ని. లోపల మాత్రం కళ్లల్లో నిప్పులు పోసుకునేదాన్ని.

అప్పుడే సిద్దిపేట నుంచి ఒక పని వచ్చింది. టీవీలు, రేడియోలు బాగు చేసే ఒక పెద్దాయన అక్కడ ఉండేవాడు, అందరం చిచ్చా అనేవాళ్లం. చీర మీద, తలపై చల్లకుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మ రావాలంటే మగ్గానికి చిల్లులు పొడిచిన అట్టల దండ కట్టాలి. ఆ దండ అక్కర్లేకుండా, ఏ వరుసలో ఏ దారాలు లేవాలో చెప్పే ఎలక్ట్రానిక్ కార్డు ఒకటి ఆయన తయారు చేయించాడు. కార్డు ఒక డబ్బాలో ఉంటుంది, డబ్బా నుంచి తీగ ల్యాప్‌టాప్‌కు వస్తుంది. ఇక ల్యాప్‌టాప్‌ను నడిపే లినక్స్‌కూ ఆ కార్డుకూ మాట కలిపే ప్రోగ్రాం కావాలి. దాన్నే డ్రైవర్ అంటారు.

"ఇద్దరూ రాయుండ్రి బేటా. కొలువుల పెట్టుకునుడు మాత్రం ఒక్కల్నే. నా దుకాణం గింతే" అన్నాడు చిచ్చా.

ఆ ఉద్యోగం నాకు కావాలి. ఎంత కావాలంటే, పడుకున్నా లేచినా అదే ధ్యాస. అది దొరికితే నా పేరు ముందు 'చిన్న' అనే మాట రాలిపోతుందని నా ఆశ.

డ్రైవర్ చేసే మొదటి పని మ్యాపింగ్. అంటే కంప్యూటర్ మెమరీ అడ్రసుల్లో కొంత జాగాను ఆ కార్డుకు కలపడం. ఆ అడ్రసును చదివితే కార్డు జవాబు చెబుతుంది. అక్కడ ఏదైనా రాస్తే కార్డు వింటుంది. చూడ్డానికి మెమరీలాగే ఉంటుంది గాని మెమరీ కాదు. అవతల ఉన్నది ఒక వస్తువు, అది ఏ క్షణమైనా లేకుండా పోవచ్చు. ఈ సంగతి నేను పుస్తకంలో చదివాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

అవి తెలంగాణ కోసం సమ్మె జరుగుతున్న రోజులు. బస్సులు డిపోల్లో, పిల్లలు ఇళ్లల్లో. బొగ్గు బాయిల్లో కూడా పని ఆగడంతో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలిసేది కాదు. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది. డబ్బాకు లేదు.

ముందు నా డ్రైవర్ పెట్టారు. నేనే పట్టుబట్టాను. బాపు నేస్తుంటే పక్కనే పీట వేసుకుని రాణిలా కూర్చున్నాను. నడుమ కరెంటు పోయింది. బాపు లేచి బయటికి వెళ్లి బీడీ తాగి, కరెంటు రాగానే వచ్చి మళ్లీ మొదలుపెట్టాడు. బొమ్మ కిందివైపు పడుతుంది కాబట్టి, కాసేపటికి బట్ట కింద అద్దం పెట్టి చూశాడు.

"గిదేంది బిడ్డా, గొల్లభామ తలకాయ ఏడికి పాయె? చల్లకుండ సక్కగ బుజాల మీదికి దిగింది" అన్నాడు.

వదిన వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, నా తెర వైపు ఒక్క చూపు చూసింది. "అన్నీ ఒకట్లే వచ్చినయ్ గదా, నువ్వు సూస్కోలే" అంది.

నిజమే. కరెంటు పోతే కార్డు పోతుంది గాని మ్యాపింగ్ పోదు. అప్పుడు ఆ అడ్రసును చదివితే జవాబు చెప్పేవాళ్లు అవతల ఉండరు. అయినా కంప్యూటర్ మౌనంగా ఉండదు, అన్నీ ఒకట్లే చేతిలో పెడుతుంది. నా డ్రైవర్ లెక్కలో ఒకటి అంటే బాపు పెడల్ తొక్కినట్టు. ఆయన బయట బీడీ తాగుతున్నంతసేపూ నా డ్రైవర్ నేయని వరుసలు లెక్కబెట్టుకుంటూ పోయింది. తల భాగం అట్లా ఎగిరిపోయింది.

వదిన డ్రైవర్ ప్రతిసారీ ముందు కార్డు గుర్తింపు సంఖ్యను చదివేది. అందులో కూడా అన్నీ ఒకట్లే వస్తే కార్డు లేదని తేల్చుకుని ఆగిపోయేది. ఆమె వంతు వచ్చిన రోజు కరెంటు పోతూ వస్తూనే ఉంది, గొల్లభామలు మాత్రం తలలతో సహా వరుసగా దిగారు. "పెద్ద ఇంజినీరు పెద్ద ఇంజినీరే" అన్నాడు బాపు. అమ్మ చాయ్ తెచ్చింది, ఎవరికో చెప్పనక్కర్లేదు.

వదిన కోడ్ మొత్తం నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని చదవడం మొదలుపెట్టాను. నేర్చుకోవడానికి కాదు, తప్పు పట్టడానికి. ఎంత పొందిగ్గా రాసిందో చూసేకొద్దీ కడుపు మంట ఎక్కువైంది. ఒక్కో లైను మీద పోలీసులా అనుమానపడ్డాను. పైనుంచి కిందికి చదివాను, కిందినుంచి పైకి చదివాను. చివరికి దొరికింది. దొరికినప్పుడు కలిగినంత సంతోషం నాకు డిగ్రీ వచ్చినప్పుడు కూడా కలగలేదు.

తెర మీద బొమ్మ చూపించి, రంగులు మార్చే ప్రోగ్రాం ఒకటి ఉండేది. పని వేగంగా కావాలని వదిన డ్రైవర్ దానికి కూడా కార్డు మ్యాపింగ్‌ను నేరుగా ఇచ్చింది. కార్డు పోగానే డ్రైవర్ తన మ్యాపింగ్ తీసేసి ఆ జాగా ఖాళీ అని చెప్పేసేది. ప్రోగ్రాంకు ఇచ్చింది మాత్రం వెనక్కి తీసుకోలేదు. కిరాయికున్నవాళ్లు ఇల్లు ఖాళీ చేసినా ఒక తాళంచెవి వాళ్ల దగ్గరే ఉండిపోయినట్టు. మా ఇంట్లో కరెంటు వచ్చాక మళ్లీ అదే కార్డు వచ్చి అదే జాగాలో కూర్చునేది కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఆ జాగాలోకి వేరే కార్డు వస్తే ఏమవుతుంది?

వదినకు చెప్పలేదు. చిచ్చా ముందు చెబుదామని దాచుకున్నాను. ఎవరిని పెట్టుకుంటాడో తేల్చుకోవడానికి, డబ్బా, ల్యాప్‌టాప్ పట్టుకుని ఇద్దరం స్కూటీ మీద సిద్దిపేట వెళ్లాం. నడిపింది ఆమే, నాకు రాదు.

దుకాణంలో వదిన డ్రైవర్ పెట్టి, బొమ్మ ప్రోగ్రాం తెరిచే ఉంచి, డబ్బాకు కరెంటు తీయించాను. మగ్గం కార్డు పీకి, అదే చోట ఒక నెట్‌వర్క్ కార్డు పెట్టి కరెంటు ఇమ్మన్నాను. అది వచ్చి ఖాళీగా ఉన్న ఆ జాగాలోనే కూర్చుంది. బొమ్మ ప్రోగ్రాంలో రంగు మార్చే బటన్ నొక్కాను. రంగు కోసం రాసిన అంకె పోయి ముక్కూ మొహం తెలియని కార్డులో పడింది. ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది. మౌస్ కూడా కదల్లేదు.

"ముందుగాల ప్రోగ్రాంకు ఇచ్చిన మ్యాపింగ్ గుంజుకోవాలె చిచ్చా. గటెన్క మన మ్యాపింగ్ ఇప్పాలె. ఆఖరుకు జాగ ఇడ్వాలె. వదినె మొదటిది మర్శింది" అన్నాను, గొంతులో సంతోషం దాచకుండా.

చిచ్చా బటన్ గట్టిగా నొక్కి పట్టి ల్యాప్‌టాప్‌ను ఆపేశాడు. "రాసెటోళ్లు దొర్కుతరు బేటా. గిట్ల పట్టెటోళ్లు దొర్కరు. రేపటి సంది నువ్వు రా" అన్నాడు.

వచ్చేటప్పుడు రోడ్డు మీద సమ్మెవాళ్ల వంటావార్పు. రాళ్ల పొయ్యిల మీద డేగిసాలు పెట్టి, అన్నం తింటేగాని బండ్లను కదలనివ్వడం లేదు. జై తెలంగాణ అంటూ మమ్మల్నీ దింపి పంక్తిలో కూర్చోబెట్టారు. వదిన అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"నా కోడ్ ఎన్నిసార్లు సదివినవ్?"

"లెక్కవెట్టలే."

"తప్పు కోసమే సదివినవ్ గదా?"

"అవు" అన్నాను. తిడితే ఏమనాలో, ఏడిస్తే ఏమనాలో దారంతా తయారు చేసుకునే వచ్చాను.

"హైదరాబాద్ల ఏడాది రాసిన. నడుస్తుందా లేదా అని సూసిన్రు గని ఒక్కలు లోపట సదువలె. మీ అన్నకు సూపెడ్తె మంచిగుందంటడు. బాపు పెద్ద ఇంజినీరంటడు. లైను లైను సదివింది నువ్వొక్కదానివే. రేపటి సంది నువ్వు దుకాణంకు వోతవ్. ఇగ నాది ఎవలు సదువుతరు?"

ఉద్యోగం నాకొచ్చింది. అయినా, పక్కన ఎడమ చేత్తో ముక్కు తుడుచుకుంటున్న ఆమెను చూస్తే మళ్లీ అదే కుళ్లు. నా డ్రైవర్‌ను ఆమె ఒక్క చూపులో తేల్చి పారేసింది. రెండో చూపు చూడాల్సినంత ఏమీ కనబడలేదు కాబోలు. రాత్రింబవళ్లు కూర్చుని, పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ చదివేవాళ్లు ఆమెకు నేనున్నాను. నాకెవరున్నారు?

అది పైకి అనలేక, వడ్డించే అతన్ని పిలిచి ఆమె విస్తరిలో ఇంకొంచెం పప్పుచారు పోయమన్నాను.