చుక్కల గీత

2020లో గల్ఫ్‌లో, అల్ ఖూజ్‌లోని మా ఆఫీసు నుంచి వారానికొకరిని ఉద్యోగం తీసేసి ఇంటికి పంపేస్తున్నారు. ఆ రోజుల్లోనే మా ముదీర్, అంటే మేనేజరు, ఫ్రెంచివాడు, నాకు తన సొంత పని ఒకటి అప్పగించాడు. వెయ్యేళ్లు దాటిన ఒక ఫ్రెంచి ప్రభువుల వంశం నుంచి తన కుటుంబం దిగివచ్చినట్టు చూపే వంశవృక్షం గీయాలి.

తొలి తరాల్లో ఒకే పేరున్న ప్రభువులు ఇద్దరున్నారు. వాళ్లు తాతామనవళ్లని ఆయన నమ్మకం. మధ్యలో ఉండాల్సిన కొడుకు మాత్రం ఆయన నాకిచ్చిన పాత దానపత్రాల నకళ్లలో ఎక్కడా లేడు. తాత పేరు మనవడికి పెట్టడం మనలోనూ ఉంది. కానీ పేరొకటే రుజువు కాదు. మేం ఆఫీసులో గీసే బిల్డింగ్ డ్రాయింగుల్లో ఖాయం కానిదాన్ని చుక్కల గీతతో చూపిస్తాం కాబట్టి అక్కడా అదే గీశాను.

పక్క సీటులోని కరీంనగర్ అన్న తొంగి చూశాడు. "ఆయన తాత ఎవడైతే నీకేంది తమ్మీ? గీత కలిపెయ్, ఖలాస్."

"రుజువు లేదన్నా."

"నీ వీసా రెన్యువల్ ఆయన చేతులనే ఉంది. దానికి గూడ రుజువు గావాల్నా?"

గీత మార్చకుండానే ప్రింటు తీసి ఇచ్చాను. ముదీర్ ఆ చుక్కల మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. కోప్పడలేదు. కాగితం మడిచి పక్కన పెట్టి, తలుపు వేసి వచ్చి కూర్చోమన్నాడు. ఇంటికి పంపినవాళ్లందరితోనూ ఆయన తలుపు వేయించే మాట్లాడాడు.