ఆరు తెల్ల కప్పులు, ఒక నల్ల కప్పు

ఇమ్మానుయేలన్న ఒక్క తూటాతో ముగ్గురు శత్రువులను పడగొట్టాడని పెనుకొండ నుంచి ధర్మవరం దాకా చెప్పుకుంటారు. ఆ కథ పుట్టించింది నేనే. మొదటిసారి చెప్పినప్పుడు శత్రువు ఒక్కడే. బస్టాండులో టీ తాగుతూ చెప్పేసరికి ఇద్దరయ్యారు. చెన్నేకొత్తపల్లి దాటేసరికి ముగ్గురు. ఇంటర్ మొదటి సంవత్సరంలోనే కాలేజీకి దండం పెట్టి వచ్చేసినవాణ్ణి, నా లెక్కలు ఎప్పుడూ పైకే పోతాయి.

అసలు సంగతి వేరు. అన్న సైన్యంలో ఇరవై రెండేళ్ళు చేసిన యుద్ధమంతా దోమలతో, మురికితో. హెల్త్ అసిస్టెంటుగా చేరి హవల్దారుగా రిటైరయ్యాడు. క్యాంపు ఎక్కడ వేసినా ముందు ఆయన పోవాలి. అక్కడి నీళ్ళు తాగవచ్చో లేదో తేల్చాలి, మరుగుదొడ్లు బావికి ఎంత దూరంలో తవ్వాలో చెప్పాలి, వంటవాళ్ళ గోళ్ళు చూడాలి. ఆయన వద్దంటే కర్నలైనా ఆ నీళ్ళు ముట్టడు. ఈ మాట నాది కాదు, ఆయనదే. ఆయనకు కోతలు కోయడం చేతకాదు, పాపం.

నలభై రెండేళ్ళ వయసులో పెనుకొండకు తిరిగొచ్చినప్పుడు ట్రంకు పెట్టె తెరిచి చూపించాడు. బట్టల అడుగున ఒక చిన్న చెక్కపెట్టె, అందులో ఆరు తెల్ల కప్పులు, ఒక నల్ల కప్పు.

"ఏమన్నా, మిలిటరీ నుంచి వచ్చేవాళ్ళు రమ్ము సీసాలు తెస్తారు. నువ్వు టీ కప్పులు తెచ్చినావే?" అన్నాను.

"ఇవి టీకి కాదప్పా, నీళ్ళకు. సొంత దుడ్లతో కొనుక్కొన్యా" అన్నాడు, కప్పును చొక్కా అంచుతో తుడుస్తూ.

హిందూపురం దగ్గర మిక్చరు, చిప్సు చేసే ఒక ఫ్యాక్టరీలో శుభ్రత చూసే సూపర్‌వైజరు కావాలన్నారు. ఇస్త్రీ చొక్కా వేయించి నా బండి మీదే తీసుకుపోయాను. లోపల ఆఫీసరు ఆయన కాగితాలను అటూ ఇటూ తిప్పి చూశాడట. "ఇవన్నీ ఆర్మీవి సార్. మాకు బయట చదివిన డిప్లొమా కావాల. గేటు కాడ సెక్యూరిటీ పోస్టు ఖాళీ ఉండాది, మీ మాదిరి వాళ్ళకు సరిపోతాది" అన్నాడట. ఇంకో రెండు చోట్ల కూడా అదే మాట, అదే గేటు. అయినా తిరిగొచ్చేటప్పుడు బజారులో బండి ఆపించి, ల్యాబు సామాన్ల అంగట్లో నీళ్ళు పరీక్షించే మందు చిన్న సీసా ఒకటి కొన్నాడు. ఉద్యోగం లేనివాడికి నీళ్ళ మందు ఎందుకని అడగబోయి, ముఖం చూసి బండి స్టార్టు చేశాను. 

సోమందేపల్లి దగ్గర అన్నాడు: "బెంగళూరు ఏజెన్సీ వాళ్ళు గన్‌మన్‌గా రమ్మంటాండారు. ఐదేళ్ళకు సంతకం పెట్టాల. మూడు నెలలు గడువు అడిగినా. ఈలోపు నా పని నాకు దొరక్కపోతే పోవాల్సిందే."

"గన్ను పట్టుకుంటే గౌరవమే గదన్నా."

"గేటు కాడ నిలబడేది చిన్నతనమని కాదప్పా. ఇరవై రెండేళ్ళు నేర్చిన పని చేతుల్లోనే తుప్పు పడితే ఎట్ల? నేను పట్టిన తుపాకి కంటే చూసిన నీళ్ళే ఎక్కువ."

నేను ఊరుకుంటానా? ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి వీరభద్రయ్య నాకు బాగా తెలుసు. ఆయనకు రెండు మగ్గాల షెడ్లు, వాటి వెనక నూలుకు రంగులద్దే ఇల్లు ఉన్నాయి. పోయి ముగ్గురు శత్రువుల కథ చెప్పాను. ఆ రోజు హుషారులో నాలుగోవాణ్ణి కూడా చేర్చాను. ఆయన అక్కడికక్కడే పని ఇచ్చాడు, గేటు దగ్గర. నా కథలో తుపాకి ఉంది గానీ కప్పులు లేవు కదా.

రెండున్నర నెలలు అన్న లాఠీ పట్టుకుని నిలబడ్డాడు. వచ్చేవాళ్ళ పేర్లు, వేళలు రిజిస్టరులో ముత్యాల్లా రాశాడు. అంతలో నాలుగు రోజులు ముసురు పట్టింది. వాన వెలిశాక పనివాళ్ళు రావడం తగ్గింది. మొదటి రోజు ముగ్గురు, మర్నాడు ఐదుగురు, ఆ తర్వాత తొమ్మిది మంది. వాంతులు, విరేచనాలు.

"మొన్న ఊర్లో జరిగిన పెండ్లిలో తిన్న కూడు పడలేదు వాళ్ళకు" అన్నాడు వీరభద్రయ్య.

అన్న రిజిస్టరు ముందుకు జరిపాడు. "పెండ్లికి రెండు షెడ్ల వాళ్ళూ పోయినారు సార్. పడిపోయినోళ్ళంతా ఒకటో షెడ్డు వాళ్ళే. వాళ్ళు తాగేది తొట్టి నీళ్ళు. రెండో షెడ్డు వాళ్ళు బోరు నీళ్ళు తాగుతారు. తొట్టి మూత పగిలి, మురికి కాలువ నీళ్ళు దిగుతాండాయి. నేను చూసినా."

"ఏమప్పా మిలిటరీ, నిన్ను పెట్టుకునింది గేటుకా, తొట్టికా? నీ పని నువ్వు చూసుకో."

సైన్యంలో పనికిరాని నీళ్ళ కొళాయికి ఎర్రగుర్తు పెడతారు. అది చూసినవాడెవడూ దాన్ని ముట్టడు. అన్న చేతులు ఊరుకోలేదు. రంగుల ఇంట్లో ఒక ఎర్రగుడ్డ ముక్క అడిగి తెచ్చి, తొట్టి కొళాయికి గట్టిగా ముడి వేసి, ఇక భయం లేదనుకుని ఇంటికి పోయాడు.

తెల్లవారి వచ్చి చూస్తే కొళాయికి పసుపు, కుంకుమ, కింద కొట్టిన టెంకాయ, పక్కన ఊదుబత్తి. మగ్గాలకు దారపు కండెలు చుట్టే హనుమక్క చెంబుతో ఆ నీళ్ళే పట్టి అందరికీ తీర్థంగా పోస్తోంది.

"దా మిలిటరీ, చెయ్యి పట్టు. ఇంతమందికి రోగమొచ్చిందని అమ్మ తానే వచ్చి ఈడ నిలబడింది. రాత్రికి రాత్రే ఎర్రగుడ్డ కట్టుకోని వచ్చింది చూడు!"

"అక్కా, ఆ గుడ్డ కట్టింది నేనే! తాగొద్దని కట్టినా!"

హనుమక్క ముఖం మారిపోయింది. "నువ్వు చర్చికి పోయేవాడివి, తాగకుంటే మానె. అమ్మ తీర్థాన్ని వద్దనేకి నువ్వెవరప్పా?"

ఆడవాళ్ళంతా ఆయన్ను ఒక రకంగా చూశారు. కర్నల్ని ఆపిన మాట హనుమక్కను ఆపలేకపోయింది. అప్పుడే నాకు ఫోన్ చేశాడు. "మా ఇంట్లో ఆ చెక్కపెట్టె ఉండాది, తీసుకోని రా. సీసా కూడా."

పెనుకొండ నుంచి ధర్మవరానికి నేను ఎంతసేపట్లో వచ్చానో చెబితే రైలువాళ్ళు సిగ్గుపడతారు, అందుకే చెప్పను. వచ్చేసరికి గొడవ విని వీరభద్రయ్య కూడా నిలబడి ఉన్నాడు. రంగుల మాస్టరు నరసప్ప నీలం అంటిన చేతులతోనే వచ్చాడు. ధర్మవరంలో దేవుణ్ణి నమ్మనివాడైనా నరసప్ప కన్నును నమ్ముతాడు. ఒకే నెమలికంఠం రంగులో ఏడు తేడాలు పట్టగలడు. నేను పన్నెండని చెబుతుంటాను.

అన్న గేటు ముందు బల్ల వేసి తెల్ల కప్పుల్లో తొట్టి నీళ్ళు పోశాడు. నన్ను పరుగెత్తించి టీ కొట్టు నుంచి ఇంకో ఆరు తెల్ల కప్పులు తెప్పించి, వాటిలో బోరు నీళ్ళు అదే కొలతకు పోశాడు. నల్ల కప్పులో బ్లీచింగ్ పౌడరు కలిపాడు. ఆ తేటను మొదటి కప్పులో ఒక చుక్క, రెండో కప్పులో రెండు, ఆరో కప్పులో ఆరు, రెండు వరుసల్లోనూ వేశాడు.

"ఇప్పుడేమి?" అన్నాడు వీరభద్రయ్య.

"అరగంట కాచుకోవాల సార్."

ఆ అరగంట నా జన్మలో అతి పొడవైనది. రెండు కథలు చెప్పాను, ఎవరూ వినలేదు. అన్న ఒక్కసారి కూడా కప్పుల మీద నుంచి కళ్ళు తిప్పలేదు. ఆ లాఠీ మనిషి ఈయనేనా అనిపించింది. వెన్ను నిటారుగా అయింది.

అరగంట అయ్యాక సీసాలోని మందు ఒక్కో కప్పులో మూడేసి చుక్కలు వేశాడు. బ్లీచింగు ఇంకా మిగిలి ఉంటే నీళ్ళు నీలమవుతాయన్నాడు. బోరు నీళ్ళ వరుసలో రెండో కప్పు నీలమైంది. మూడు, నాలుగు, ఐదు, ఆరు చిక్కబడుతూ పోయాయి. తొట్టి నీళ్ళ వరుసలో ఆరు కప్పులూ తెల్లగానే ఉండిపోయాయి.

నరసప్ప వంగి, కప్పుల మీద ముక్కు పెట్టినంత దగ్గరగా చూశాడు. "నాకు అర్థమైంది లేప్పా. నూలుకు మడ్డి పట్టి ఉంటే ఎంత రంగేసినా తినేస్తాది. ఈ నీళ్ళు ఆరు చుక్కల బ్లీచింగూ తినేసినాయి. ఇంకా ఆకలిగానే ఉండాయి. ఎంత మురికుంటే అంత తింటాది గదా, ఇమ్మానుయేలూ?"

"అంతే మాస్టారూ. నేను ఇరవై రెండేళ్ళు చెప్పినా ఇంత బాగా చెప్పలేదు."

హనుమక్క వంగి తెల్ల కప్పులు ఒక్కొక్కటీ చూసింది. తర్వాత పోయి టెంకాయ చిప్పలు ఏరుకుని, కొళాయికి దండం పెట్టి, గుడ్డ తానే విప్పింది. "అమ్మను మంచినీళ్ళ కాడికి తోడుకపోతా. ఈ కుళ్ళు నీళ్ళ కాడ ఆమెను మాత్రం ఎందుకు నిలబెట్టాల?" అంది. ఆ గుడ్డను బోరు కొళాయికి కట్టేసింది. అన్న సైన్యం ఎర్రగుర్తు మాట ఎత్తకుండా తొట్టి మూత తీయడానికి పోయాడు.

తొట్టి తోడిస్తే చచ్చిన పందికొక్కు బయటపడింది. దూడంత ఉందని నేనంటాను, ఎలుకంతే ఉందని అన్న అంటాడు.

సాయంత్రం వీరభద్రయ్య పిలిచాడు. "నిజం చెప్పప్పా. నలుగురిని కాల్చినావంటనే?"

నేను గోడ వైపు చూశాను. అన్న నా వైపు చూశాడు.

"ఒక్కరినీ కాల్చలేదు సార్. ఏడాదికి రెండుసార్లు అట్టముక్కను కాలుస్తాంటి. అదీ సగంసార్లు తప్పిపోయేది."

వీరభద్రయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "అయితే గేటుకు నువ్వు పనికిరావు. వేరేవాణ్ణి పెట్టుకుంటా. తొట్లు, తిండి, రంగునీళ్ళు పోయే గుంతలు, అన్నీ నువ్వే చూడు. పక్క షావుకారు షెడ్డు వాళ్ళు కూడా అడుగుతాండారు. ఆరు నెలలు చూద్దాం. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత."

బెంగళూరు ఏజెన్సీ గడువు సోమవారంతో ముగిసింది. ఆ రోజు పక్క షెడ్డులో బల్ల మీద ఆరు కప్పులు, చుక్కలు వేసి పది నిమిషాలైంది. పెట్టె పక్కన డిప్లొమా దరఖాస్తు మడిచి ఉంది. నలభై రెండేళ్ళకు కాలేజీకి పోతాడట, నన్నూ రమ్మంటున్నాడు. అంతలో బెంగళూరు నుంచి ఫోన్ మోగింది. అన్న కప్పుల మీద నుంచి చూపు తిప్పకుండానే ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"నువ్వే చెప్పు. అరగంట దాకా నేను లేయలేను."

అవతలివాడు "ఇమ్మానుయేలు ఎప్పుడు వస్తాడు?" అని అడిగాడు. కాశ్మీరం నుంచి మళ్ళీ పిలుపొచ్చిందనే కథ ఒకటి నాలుక చివరి దాకా వచ్చింది. హెలికాప్టరు కూడా సిద్ధంగా ఉంది. ఎందుకో ఆ వంగిన వీపు చూశాక దాన్ని మింగేశాను.

"రాడు సార్" అన్నాను. "పనిలో ఉండాడు."