సీసా నిండా యాసిడ్‌తో తాడేపల్లిగూడెం

మా అమ్మాయి రాజకుమారి మా చేపల చెరువు గట్టు మీద డ్రమ్ములో యాసిడ్ తయారుచేస్తోందని తెలిసిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. మాది పెదపాడు దగ్గర, కొల్లేటి వైపు చిన్న ఊరు. ఐదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. నాకు తెలిసిన యాసిడ్ ఒక్కటే, మరుగుదొడ్డి కడిగేది. అది చెరువులో పోస్తానంటుంది పిల్ల! అడిగితే, "ఇది ఆ యాసిడ్ కాదమ్మా. తవుడూ బెల్లం నీళ్ళల్లో కలిపి బ్యాక్టీరియా వేస్తే, అవి బెల్లం తిని పులుపు వదులుతాయి. ఆ పులుపునే లాక్టిక్ యాసిడ్ అంటారు. నువ్వు రోజూ పాలల్లో తోడు వేసి చేసేదీ అదే" అంది. అంటే నేను యాభై ఏళ్ళుగా ఇంట్లోవాళ్ళందరికీ యాసిడ్ వడ్డిస్తున్నానన్నమాట. రెండు రోజులు పెరుగు కూడా మానేశాను.

అసలు సంగతేంటంటే, చెరువు అడుగు చెడిపోయి, పది రోజులుగా తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఈ పులుపు నీళ్ళు పోస్తే నీరు బాగుపడుతుందట. కానీ డ్రమ్ములో మంచి బ్యాక్టీరియాకి బదులు చెడ్డవి పెరిగి ఉంటే మాత్రం ఉన్న చేపలూ పోతాయి. అందుకని ముందు ల్యాబులో చూపించాలి. తాడేపల్లిగూడెంలో ఒక ల్యాబు ఉంది, శుక్రవారం మాత్రమే, పన్నెండు లోపే తీసుకుంటారు. ఫోన్ చేస్తే "సీసా నిండా తెండి" అన్నారట. ఈ శుక్రవారం తప్పితే మళ్ళీ వారం. అప్పటికి చెరువులో నీళ్ళే మిగులుతాయి. పిల్ల ఒక్కతే యాసిడ్ పట్టుకుని బస్సెక్కితే నేనింట్లో ఎలా కూర్చోనండీ? నేనూ బయల్దేరాను.

పొద్దున్న ఏడింటికి పెదపాడులో ఏలూరు ఆటో ఎక్కాం, మనిషికి ముప్పై రూపాయలు. సీసా నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఆటో అతను అద్దంలో చూసి, "మామ్మగారూ, అంత జాగ్రత్తగా పట్టుకున్నారు, నెయ్యాండీ?" అన్నాడు. "కాదు నాయనా, యాసిడ్" అన్నాను. అంతే, ఏలూరు దాకా ఒక్క గోతిలో దిగలేదు మహానుభావుడు. సైకిళ్ళు మమ్మల్ని దాటిపోయాయి. దిగాక మా అమ్మాయి, "ఇంకెవరికీ ఆ మాట చెప్పకు" అని ఒట్టు వేయించుకుంది.

ఏలూరు బస్టాండులో ఎనిమిదింబావుకి తాడేపల్లిగూడెం బస్సు దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్టు ఉచితం. నేను మాత్రం కార్డు పోతుందేమోనని జాకెట్లో దాచి, కండక్టరు ముందు తీయలేక నానా అవస్థా పడ్డాను. మా అమ్మాయి రాజీ సీసా మూత కాస్త వదులుగా తిప్పి, "లోపల అవింకా పనిచేస్తూనే ఉంటాయమ్మా, గ్యాసు వస్తుంది. మూత బిగించకు" అని చెప్పి కిటికీకి తలానించి కునుకు తీసింది. నేను విన్నాను. కానీ ఒలికి ఎవరి మీదైనా పడితే? దెందులూరులో ఒక చుట్టు బిగించాను. గుండుగొలను దగ్గర కుదుపుకి ఇంకో చుట్టు. భీమడోలులో ద్వారకా తిరుమల నుంచి వస్తున్న ఆలుమగలు ఎక్కి మా ముందు సీట్లో కూర్చున్నారు. ఆయన తాజా గుండు, దాని మీద పచ్చగా గంధం. అంత చక్కటి గుండు మీద ఒలికితే పాపం కదా అని కొంగుతో పట్టి మరీ బిగించాను.

కైకరం దాటామో లేదో, ఢామ్మని పేలింది. మూత పోయి బస్సు టాపుకి కొట్టుకుంది. గోధుమరంగు నీళ్ళు ఆ గంధం గుండు మీద నుంచి మెడలోకి కారాయి. ఒట్టు ఎక్కడ గుర్తుంటుంది? లేచి నిలబడి "యాసిడ్! యాసిడండోయ్!" అని అరిచాను. బస్సాగింది. అందరికన్నా ముందు దిగింది కండక్టరు. ఆ ఇల్లాలు మాత్రం దిగకుండా, "ఏవండీ, మండుతోందాండీ?" అని ఏడుపు. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని కాసేపు ఆలోచించి, "మండట్లేదే. చల్లగా ఉంది" అన్నాడు. ఆవిడ వంగి వాసన చూసి, "పులిసిన బెల్లం వాసనండీ" అంది.

మా అమ్మాయి చేతులు జోడించి అంతా చెప్పింది. ఆయన తువ్వాలుతో తుడుచుకుంటూ, "స్వామికి జుట్టిచ్చి వస్తుంటే, మీరు నాకు అభిషేకం చేశారు కదండీ మామ్మగారూ" అన్నాడు. కిందికి దిగినవాళ్ళంతా నవ్వుతూ ఎక్కారు. కండక్టరొక్కడే నవ్వలేదు.

తొమ్మిదిమ్ముప్పావుకి గూడెంలో దిగేసరికి సీసాలో పావు వంతే మిగిలింది. రాజీ సంచి కడగడానికి కుళాయి దగ్గరికెళ్ళింది. నా బుర్రలో ల్యాబువాళ్ళ మాటే తిరుగుతోంది, "సీసా నిండా". వెనక్కి పంపేస్తే? దారికని తెచ్చుకున్న మజ్జిగ నా దగ్గరుంది. అదీ పులుపే, ఇదీ పులుపే. రెండింట్లోనూ బ్యాక్టీరియానే అని పిల్లే కదా చెప్పింది. కరివేపాకు రాకుండా కొంగుతో వడగట్టి, సీసా మెడదాకా నింపేశాను.

షేరాటోలో మనిషికి ఇరవై ఇచ్చి ల్యాబుకెళ్ళాం. అక్కడి మేడం చిన్నపిల్లే. "ఎక్కువే తెల్లగా ఉందేంటండీ" అంటూ ఓ కాగితం ముక్క ముంచి, రంగుల అట్ట పక్కన పెట్టి చూసింది. "నారింజ రంగొచ్చింది. పులుపు బాగా దిగింది, చెడ్డవి బతకవు. పోసేసుకోవచ్చండీ" అంది. పది రోజుల తర్వాత మా అమ్మాయి మొహంలో నవ్వు చూశాను. ఆ నవ్వు చూశాకే నేను చేసిన పనేంటో నాకు తెలిసొచ్చింది. నేను నోరు మూసుకుంటే ఇది ఇంటికెళ్ళి ఏం పెరిగిందో తెలియని నీళ్ళు చెరువులో పోసేస్తుంది.

"మేడంగారూ, అందులో నా మజ్జిగ ఉందండీ" అన్నాను.

"ఎంతండీ?"

"ముప్పాతిక. ఉప్పూ అల్లం కూడానూ."

మా అమ్మాయి "అమ్మా!" అని కుర్చీలో కూలబడింది. మేడం పెదవి కొరుక్కుని, "అయితే పాసైంది మీ మజ్జిగన్నమాట మామ్మగారూ" అంది. ఆ తర్వాత మా ముఖాలు చూసి జాలిపడిందో ఏమో, ఆ కాగితాల కట్ట ఒకటీ రంగుల అట్టా ఇచ్చి నేర్పించింది. నారింజ వస్తే మంచిది, ఆకుపచ్చైతే పారబోయాలి. కుళ్ళు వాసన గానీ నల్లటి బూజు గానీ ఉండకూడదు. డ్రమ్ము దగ్గరే చూసుకోవచ్చునట.

తిరుగు బస్సులో రాజీ మొహం కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంది. భీమడోలు దాటాక, "దాహమేస్తోంది, మజ్జిగుందా?" అంది. "లేదమ్మా, ల్యాబులో ఇచ్చేశాం కదా" అన్నాను. నా వంక చూసి, కొంగు నోట్లో కుక్కుకుని ఏలూరు దాకా నవ్వుతూనే ఉంది.

రెండున్నరకి డ్రమ్ము దగ్గరున్నాం. వాసన బాగానే ఉంది, బూజు లేదు. కాగితం నన్నే ముంచమంది. ముంచి, కళ్ళు మూసుకుని ప్రభువుని తలుచుకున్నాను. "ఆకుపచ్చా?" అన్నాను. "కళ్ళు తెరిచి నువ్వే చూడమ్మా" అంది. నారింజే! బకెట్టుకి అటు చెయ్యి దానిది, ఇటు చెయ్యి నాది. పొద్దువాలే లోపల గట్టు చుట్టూ తిరిగి అంతా పోశాం.

నాలుగో రోజు తెల్లారి చూస్తే ఒక్క చేపా పైకి రాలేదు. అడుగున బాగున్నాయా, అసలున్నాయా అని నాకు దడ పట్టుకుంది. మేత వేశాక చేపలు ఎగబడి నీళ్ళు తెర్లాయి చూడండీ, అప్పుడు కూర్చున్నాను గట్టు మీద. ఆ రోజు నేను భయపడినవాటిలో సగం జరగలేదు. జరిగిన సగం నా భయంతో నేను చేసినవే. ఇకనుంచి కంగారు తగ్గించుకుందామనుకుంటున్నాను. తగ్గుతోందో లేదో అని ఇప్పుడదో దిగులు.

ఈ పని మీద గూడెం వెళ్ళేవాళ్ళకి ఒక్కమాట: సీసా మోసుకుపోకండి. ఆ కాగితాల కట్ట ఎక్కడ దొరుకుతుందో ముందే ఫోన్‌లో అడిగి, అది తెచ్చుకోండి. ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయినా పేలదు.