రైల్లో దిద్దిన ఫోటో

చనిపోయిన మా నాన్న ఫోటో ఒక్కటే, మేనత్త ఇంట్లో దొరికింది. మడతపడి ముఖం మీద తెల్లగీత. పెద్దది చేయిద్దామని సోలాపూర్‌కు తెస్తుంటే, రైల్లో ఎదురుగా ఉన్న పెద్దాయన చూసి, "గీత సుత పెద్దగైతది బిడ్డా" అన్నాడు. ఫోటోలు దిద్దడమే ఆయన పనట. బండి ఆగినప్పుడల్లా సన్న కుంచెతో చుక్కచుక్కగా రంగు పెట్టాడు. కదలగానే కుంచె ఎత్తేసేవాడు. సోలాపూర్‌కు ముందరి హోట్గి స్టేషన్ వచ్చేసరికి గీత మాయమైంది.

తర్వాత కుంచె నాన్న జుట్టులోని తెల్లచుక్కల మీదికి పోయింది.

"అయి మచ్చలు గావు తాతా! మగ్గం దిగొచ్చి ఫోటో దిగిండు. దూది అది!"

"అరే, పాగల్‌గాన్ని! ఉన్నదాన్నే తుడిచేస్తుంటి" అని ఆయన కుంచె దాచేశాడు.

పెద్ద ఫోటో గోడకు పెట్టగానే, మగ్గం దిగినప్పుడు దులిపినట్టే, అమ్మ కొంగుతో నాన్న తల దులిపింది.