కాయితం మీది, తోలు నాది

డోర్నకల్ జంక్షన్‌లో రైలు మారేవాళ్లు వేలమంది, దిగి నాలుగడుగులు నడిచేవాళ్లు పదిమంది. ఆ పదిమందిలో ఒకడై మొన్న చలికాలంలో సాకేత్ సారు దిగాడు. స్టేషనుకు ఆటోలో పావుగంట దూరంలో ఉంటుంది పెంటమ్మ ఇల్లు. చర్చి కమిటీ కార్యదర్శి ఐలేశ్ ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

పెంటమ్మకు డెబ్బై రెండేండ్లు. భర్త ఉప్పలయ్య రైల్వే గ్యాంగుమన్‌గా చేసి కాలం చేశాడు. ఏండ్లకేండ్లు మిరపకాయలు ఏరి ఆమె వేళ్లకు మంటన్నది తెలియకుండా పోయింది. చిన్నప్పుడు గీకిన తోలు మాత్రం ఆ వేళ్లకు గుర్తుంది.

ఆమె తాత ముత్తయ్య దొర గడీకి చెప్పులు కుట్టినవాడు. ముప్పై దాటాక ఒక చర్చి ఉపదేశి దగ్గర అక్షరాలు దిద్దాడు. ఆయనిచ్చిన సువార్త పుస్తకాన్ని దొర మనుషులు గుంజుకుని పొయ్యిలో పారేశారు. తోలు పని చేసేటోనికి కాయితంతో ఏం పని అన్నారు. "కాయితం మీది దొరా, తోలు నాది" అన్నాడట ముత్తయ్య. ఇంకో పుస్తకం అరువు తెచ్చుకుని, మేకతోళ్లు సున్నంలో నానేసి, గీకి, డప్పుకు ఆరబెట్టినట్టే బిగదీసి ఆరబెట్టి, పదకొండు తోళ్ల మీద కరక్కాయ సిరాతో సువార్తలో సగం రాసుకున్నాడు. పన్నెండో తోలు ఖాళీగా వదిలాడు. ఇంట్లో ఎవరికి చదువొస్తే వాళ్లు మొదటిసారి తమ పేరు దాని మీద రాయాలి. ఇప్పటికి నాలుగు పేర్లున్నాయి, నాలుగూ మగవాళ్లవే. పెంటమ్మను బడికి పంపలేదు.

సాకేత్ సారు సామాన్యుడేం కాదు. పాత బైబిలు ప్రతుల్లో ఎన్నో తోలు మీద రాసినవే. ఎడారి మఠాల్లో వెయ్యేండ్లకు పైగా పడి ఉన్న అలాంటి తోలు పుటల్ని శుభ్రం చేసి బతికించడం ఆయన పని. ఆ పుటలు రాసిన సన్యాసుల్లో కొందరి పేర్లయినా మిగిలాయి. తోలు గీకిన వాళ్ల పేర్లు ఎంత వెతికినా దొరకవు. లోకమంతా ఇదే తంతు.

ఆయన సంచిలోంచి నమూనా తోలుముక్క ఒకటి తీసి ఆమె చేతికిచ్చాడు. "ఇలాంటి దాని మీదే రాసేవాళ్లమ్మా."

పెంటమ్మ బొటనవేలితో రుద్ది చూసింది. "మేక. గీ దిక్కు వెంట్రుకలుండె, గీ దిక్కు మాంసముండె. సున్నంల ఇంకో రెండు దినాలుంటే నున్నగొచ్చేది."

సారు ఆ ముక్కను వెనక్కి తీసుకుని రెండు వైపులా తిప్పి చూశాడు. ఆ తేడా పట్టడానికి ఆయనకు భూతద్దం కావాలి.

ఆమె కొయ్యపెట్టె తెరిచి తోళ్లు తీసింది. "అమ్మా, చేత్తో ముట్టొద్దు, చెమట తగుల్తుంది" అన్నాడు సారు. ఇక్కడ వానాకాలం తేమ, ఎలుకలు ఉంటాయన్నాడు. హైదరాబాద్‌లో తమ మ్యూజియంలో అయితే చల్లని గదిలో, అద్దం వెనుక, ఎవరూ ముట్టకుండా భద్రంగా ఉంటాయన్నాడు.

ఐలేశ్ టైపు చేయించిన కాగితం పరిచి ఇంకు ప్యాడు తెరిచాడు. "అవ్వా, తోళ్లు సారుకియ్యాలని కమిటీ తీర్మానం చేసింది. జర వేలిముద్ర వెయ్యి."

"ముత్తయ్య నాకు తాత బిడ్డా. కమిటీకి గూడ తాతనా?"

"గట్లంటే ఎట్లనే! సారు గింత దూరమొచ్చిండు."

"వచ్చిండు, చూసిండు. అన్నం తిని పోతడు."

"అన్నం కోసమొచ్చిండా అవ్వా?"

పెంటమ్మ లేచింది. లోపలికి పోయి సిరాబుడ్డి, వెదురుపుల్ల, గుప్పెడు బూడిద తెచ్చింది. వీళ్లొస్తున్నారని తెలిసిన నాడే కరక్కాయలు నానేసి పెట్టుకుంది. మహిళా సంఘం మీటింగుల్లో సంతకం నేర్చి రెండేండ్లయింది. నలుగురు మగవాళ్ల కింద తన పేరు రాయడానికి ఇన్నాళ్లూ చెయ్యి రాలేదు. ఇయ్యాల వచ్చింది.

పన్నెండో తోలు మోకాళ్ల మీద పరిచింది.

"అమ్మా, దాని మీద రాయకూడదు!" సారు లేవబోయాడు.

ఆమె నాలుగో పేరు కింద బూడిద చల్లి అరచేత్తో రుద్దసాగింది. సారు సగం లేచి ఆగిపోయాడు. "బూడిదెందుకమ్మా?"

"తోల్ల కొవ్వుంటది సారూ. రుద్దకుంటే సిరా నిలువది."

సారు కూర్చున్నాడు. ఇట్లాంటి పద్ధతి పుస్తకాల్లో చదివాడు గానీ, చేసే చెయ్యిని ఎన్నడూ చూడలేదు.

ఆమె రాసింది. ప వంకరపోయింది, ట పెద్దదైంది. పెంటమ్మ అనే పేరు మాత్రం నిలబడింది.

"గిదేందవ్వా! కాయితం మీద వెయ్యమంటే!" ఐలేశ్ తల పట్టుకున్నాడు.

"కాయితం నువ్వే ఉంచుకో బిడ్డా." ఆమె సారు వైపు తిరిగింది. "రాసుడు అయిపోయినయి నీ అద్దాల గదిల పెట్టుకో సారూ. గిది అయిపోలే. నా మనుమరాలు సుమ ఒకటో తరగతి. దాని పేరు రావాలె. నువ్వు ఫొటోలు తీసుకుంటవా, ఈడ కూసోని తీసుకో. తోలు గీకుడు నేర్చుకుంటవా, అది గూడ చెప్త."

సారు ఐలేశ్ పరిచిన కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. కెమెరా బయటికి తీశాడు. కొత్త పేరును దగ్గరగా చూద్దామని వంగి, తోలు అంచు మీదికి వేలు చాపాడు.

"ఆగు సారూ" అంది పెంటమ్మ. "ఇంక ఆరలే. ముట్టకు."